ఎలుకలు చావలేదంటే పొడి సేఫ్ అన్నట్టేనా? ఇంగిలీకం కలిసిన మండూరం పొడి గురించి

అచ్చంపేట తమ్ముడు అడిగింది ముందు రెండు ముక్కల్ల చెప్త, కొత్తగ చదివేటోళ్ళకు అర్థమైతది. వాళ్ళింట్ల తాత కాలం నుంచి ఒక పొడి చేస్తరు. మండూర భస్మం (ఇనుప చిట్టెం కాల్చి చేసేది), త్రిఫల, తిప్పతీగ, గలిజేరు, అందులో కొంచెం ఇంగిలీకం (పాదరసం, గంధకం కలిసిన ఎర్ర ఖనిజం). రక్తం తక్కువున్నోళ్ళకు, నీరసమన్నోళ్ళకు పొద్దున ఒక గ్రాము, రాత్రి ఒక గ్రాము తేనెలో ఇస్తరు, మూడు నెలలు. ఇప్పుడు దాన్ని డబ్బాల్ల ప్యాక్ చేసి సప్లిమెంట్ లెక్క ఆన్‌లైన్‌ల అమ్ముదామని ఉన్నడు. ఒక ఏజెంటు తగిలి "ఎలుకల మీద టెస్టు చేపిస్త, 14 రోజుల్ల సేఫ్టీ సర్టిఫికెట్ చేతికొస్తది" అన్నడంట. అది చాలా, ఇంకేమన్న చేయాలా అని ప్రశ్న.

చాలదు తమ్మీ. ఆ 14 రోజుల టెస్టు చెప్పేది ఒక్కటే, ఒక్కసారి పెద్ద డోసు మింగితే ఎలుక చస్తదా చావదా అని. నీ పొడి ఒక్కసారి మింగేది కాదు, రోజూ తినేది, నెలల తరబడి తినేది. దానికి కావాల్సిన టెస్టు వేరే, అది కూడా ఎలుకల దాకా పోయేముందు పొడిలో ఏ లోహం ఎంత ఉందో తేలాలె. ఇంకొకటి, మీ ఊర్ల ఇద్దరు గర్భిణులు కూడా ఇది తింటున్నరని నువ్వే రాసినవు. టెస్టుల సంగతి తర్వాత, వాళ్ళకు ఈ రోజే ఆపించు. పీహెచ్‌సీల డాక్టరమ్మకు డబ్బా చూపించి తిన్నమని చెప్పమను, దాచుకోవద్దు, వాళ్ళిచ్చే ఐరన్ గోలీలు వాడమను.

నేను ఫార్మకాలజీ మనిషిని, నల్లగొండ పక్కన యానిమల్ హౌస్ చూసుకుంట చాన్నాళ్ళు పని చేసిన, భస్మాలు కలిసిన మందుల స్టడీలు నా చేతుల మీదుగ మస్తు పోయినయి. ఆయుర్వేదం మీద నాకు గౌరవమే. గౌరవం ఉంది కాబట్టే ఇట్లాంటి సర్టిఫికెట్లు చూస్తే కోపమొస్తది.

ఆ ఏజెంటు చెప్పే టెస్టు ఏందో చూద్దాం. దాన్ని అక్యూట్ టాక్సిసిటీ అంటరు, ఓఈసీడీ అనే పలు దేశాల సంస్థ పెట్టిన 423 నంబరు గైడ్‌లైన్ ప్రకారం చేస్తరు. రాత్రంత ఎలుకలకు దాణా తీసేసి, పొద్దున పొడిని నీళ్ళల్ల గాని సీఎంసీ అనే జిగురు నీళ్ళల్ల గాని కలిపి, సన్నని గొట్టంతోటి నోట్లకెల్లి కడుపులకు ఒకేసారి పోస్తరు. మామూలుగ కిలో బరువుకు 2000 మిల్లీగ్రాములు. ముందు మూడు ఆడ ఎలుకలు, వాటికేం కాకపోతే ఇంకో మూడు. 14 రోజులు చూస్తరు. అంటే నీ సర్టిఫికెట్ వెనక ఉండేది ఆరు ఎలుకలు, అంతే.

2000 మిల్లీగ్రాములు అంటే వినడానికి బ్రహ్మాండంగ ఉంటది, కిలోకు రెండు గ్రాములు ఇచ్చినా చావలేదు అని డబ్బా మీద రాసుకోవచ్చు. లెక్క వేసి చూడు. మనిషి డోసును ఎలుక డోసుకు మార్చనీకి మన దగ్గర వాడే లెక్క, మనిషి రోజు డోసును 0.018 తోటి గుణిస్తే 200 గ్రాముల ఎలుకకు ఎంతో వస్తది. నీ పొడి రోజుకు 2 గ్రాములు, అంటే 36 మిల్లీగ్రాములు, కిలోకు లెక్కేస్తే 180. అమెరికా మందుల, తిండి శాఖ ఎఫ్‌డీఏ పద్ధతిల 60 కిలోల మనిషికి చూసినా 200 దగ్గరికి వస్తది, పెద్ద తేడా లేదు. ఇప్పుడు 2000ను 180 తోటి భాగించు, పదకొండు. నీ గిరాకీ పదకొండు రోజుల్ల తినేది ఆ ఎలుక ఒక్క పొద్దున తిన్నదన్నట్టు. నువ్వు తినమనేది మూడు నెలలు! పన్నెండో రోజు నుంచి ఏమైతదో ఆ కాగితం చెప్పదు.

పాదరసం, సీసం సంగతి తెలిసినోళ్ళకు ఇది ఇంక బాగ అర్థమైతది. ఇవి ఒక్కసారికి చంపే రకం కాదు, కొంచెం కొంచెం చేరుకుంట పోతయి. పాదరసం కిడ్నీల కూర్చుంటది. సీసం ఎముకల చేరి ఏండ్లకేండ్లు ఉంటది, గర్భం వచ్చినప్పుడు, ఎముక కరిగినప్పుడు మళ్ళ రక్తంలకు వస్తది.

అందుకని మొదటి ఖర్చు ఎలుకల మీద పెట్టకు, లోహాల పరీక్ష మీద పెట్టు. ఐసీపీ-ఎంఎస్ అనే, లోహాలు కొలిచే మిషన్ ఉన్న ల్యాబుకు పొడి పంపి సీసం, పాదరసం, ఆర్సెనిక్, కాడ్మియం నాలుగూ చూపించు. మూలికల మందులకు ఆయుష్ వాళ్ళు పెట్టిన హద్దు సీసం 10 పీపీఎం (పది లక్షల వంతులల్ల పది), ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3. నీ పొడిలో ఇంగిలీకం నూటికి ఒక వంతు ఉందనుకో, ఇంగిలీకంలో వందకు 86 వంతులు పాదరసమే, అంటే పొడిలో పాదరసం 8,600 పీపీఎం. హద్దు ఒకటి! రోజుకు రెండు గ్రాములు తినేటోళ్ళ కడుపులకు 17 మిల్లీగ్రాముల పాదరసం పోతున్నట్టు.

"అది శుద్ధి చేసిన ఇంగిలీకం సార్, అల్లం రసంల ఏడుసార్లు నూరినం" అంటరు, నీ మెసేజ్‌ల కూడా ఉంది. శుద్ధి మంచిదే. కానీ నూరినంత మాత్రాన పాదరసం ఏడికీ పోదు, అందులోనే ఉంటది. ఇంగిలీకం నీళ్ళల్ల కరగదు, పేగుల నుంచి రక్తంలకు పోయేది చాలా తక్కువ, అది నిజమే, అందుకే పాతకాలం వైద్యులు చిన్న మోతాదుల, కొన్నాళ్ళకే, నాడి పట్టి చూసి ఇచ్చిన్రు. ఆ తక్కువైనా కిడ్నీల మిగిలేదే. వైద్యుడు లేకుండ, ఎవరో తెల్వనోళ్ళకు, కొరియర్‌ల మూడు నెలలకు పంపుడు ఏ శాస్త్రంల ఉంది చెప్పు. నా మాట వింటె ఇంగిలీకం తీసెయ్. మండూరం, త్రిఫల, పునర్నవ (అదే గలిజేరు) కలిపి పాండుకు, అంటే రక్తం తక్కువైనోళ్ళకు, ఇచ్చుడు గ్రంథాలల్ల ఉన్నదే, ఇంగిలీకం లేకుండనే ఉంది.

ఇంకో మాట, మీ తాత ఇంగిలీకాన్ని గూడ పుటంల పెడ్తడా? పెడితే వెంటనే ఆపించు. వేడికి గంధకం, పాదరసం విడిపోయి పాదరసం ఆవిరైతది, 357 డిగ్రీలకే మరిగేది అది. ఆవిరి పీలిస్తె కడుపులకు పోయినట్టు కాదు, ఊపిరితిత్తులకెల్లి నూటికి 80 వంతుల దాకా రక్తంలకు ఎక్కుతది. తినేటోళ్ళకంటే ముందు దెబ్బ తినేది పొయ్యి దగ్గర కూర్చునే మనిషి.

సీసం మీరు వేయకపోయినా వస్తది. రోడ్డు పక్కన, పాత ఫ్యాక్టరీ జాగల పెరిగిన మూలికలకెల్లి, మండూరం కోసం ఏరిన ఇనుప చిట్టెంల కలిసిన చెత్తకెల్లి, మాటు వేసిన గిన్నెలకెల్లి. మా దగ్గరికి ఒకసారి ఒకే తయారీదారు మూడు బ్యాచులు పంపితే రెండు శుభ్రంగ ఉండి మూడోదాంట్ల సీసం బాగ పెరిగింది, విచారిస్తే ఆ బ్యాచుకు చిట్టెం వేరే జాగకెల్లి తెచ్చిన్రు. ఇంకోటి గమనించు. 10 పీపీఎం లోపల ఉంది, పాస్ అయింది అనుకున్నా, రోజుకు రెండు గ్రాములు తింటె 20 మైక్రోగ్రాముల సీసం దాకా పోవచ్చు. పిల్లలు కనే వయసు ఆడవాళ్ళకు తిండికెల్లి పోయే సీసం మీద అమెరికా ఎఫ్‌డీఏ గీసుకున్న గీత రోజుకు 8.8 మైక్రోగ్రాములు. కాబట్టి పాస్, ఫెయిల్ అని చూడకు, అంకె ఎంతో చూడు, దాన్ని రోజు డోసుతోటి గుణించు.

ఇది గాలి మాట కాదు. 2004ల బోస్టన్ షాపుల్ల దొరికే 70 ఆయుర్వేద మందులు పరీక్షిస్తె 14టిల సీసమో పాదరసమో ఆర్సెనిక్కో దొరికింది. 2008ల ఆన్‌లైన్‌ల కొన్న 193 మందులల్ల 20.7 శాతం, అందులో రసశాస్త్రం మందులు (లోహాలు, ఖనిజాలు వేసి చేసేవి) విడిగ చూస్తె 40 శాతం పైన. ఎవరో చేసిన పొడికి పేరు చెడింది మన వైద్యం మొత్తానిది.

సరే, ఇంగిలీకం తీసినవు, లోహాలు అదుపుల ఉన్నయి. ఇప్పుడు ఎలుకలు. రోజూ తినేదానికి 28 రోజుల స్టడీ, అది ఓఈసీడీ 407, తర్వాత 90 రోజులది, ఓఈసీడీ 408. నెలల తరబడి తినమంటున్నవు కాబట్టి నీకు 90 రోజులదే అసలుది. మూడు డోసు గ్రూపులు, ఒక కంట్రోల్ (మందు ఇయ్యకుండ పోల్చనీకి పెట్టే గ్రూపు), 90 రోజుల దాంట్ల గ్రూపుకు పది మగ, పది ఆడ. నీ పొడికైతే నేను 180, 900, 1800 పెడ్త, అంటే మనిషి డోసు, దానికి ఐదింతలు, పదింతలు. పదింతలు ఎందుకు అని ఎలుకల మీద జాలితోటి చాలామంది అడుగుతరు, న్యాయమైన ప్రశ్నే. పది ఎలుకలల్ల ఒక్కదానికి గూడ ఏం కాలేదంటే, అసలు హాని నాలుగింట్ల ఒకరికి జరిగేది అయినా గూడ అట్ల తప్పించుకునే అవకాశముంది, గణితం అట్ల ఉంటది. తక్కువ ఎలుకలతోటి అరుదైన హాని కనపడదు. అందుకే డోసు పెంచి, శరీరంల ఏ భాగం ముందు దెబ్బ తింటదో పట్టుకుంటరు. తర్వాత ఏ హాని లేని డోసును తీసుకొని దాన్ని వందతోటి భాగించుడు పాత పద్ధతి, ఎలుకకు మనిషికి తేడాకు పది, మనిషికి మనిషికి తేడాకు పది.

స్టడీ సక్కగ జరుగుతుందా లేదా అని తెలుసుకోవాల్నంటే రిపోర్టు చివరి పేజీ కాదు, బరువుల పట్టిక చూడు. రక్త పరీక్షలకంటే ముందు మాట్లాడేది బరువే. ఒక భస్మం స్టడీల మూడో వారానికి పై డోసు మగ ఎలుకల బరువు ఎక్కుడు ఆగిపోయింది, దాణా తినుడు గూడ తగ్గింది, చూస్తె అన్నీ చురుగ్గనే తిరుగుతున్నయి. ఎస్‌జీపీటీ (లివర్ టెస్టు) నార్మల్, క్రియాటినిన్ (కిడ్నీ టెస్టు) నార్మల్. స్టడీ చేపించిన స్పాన్సర్ సంతోషపడ్డడు. కిడ్నీలు కోసి స్లైడ్లు చేస్తె గొట్టాల గోడ కణాలు ఉబ్బి, కొన్ని రాలి లోపల పడి ఉన్నయి. క్రియాటినిన్ ఎప్పుడూ ఆలస్యంగనే పెరుగుతది, కిడ్నీ సగానికి సగం పోయేదాకా గూడ గమ్మునుంటది. కాబట్టి రక్తం రిపోర్టు ఒక్కటే ఇచ్చి, లివర్, కిడ్నీ స్లైడ్లు, వాటిని చూసిన పాథాలజిస్టు సంతకం లేని రిపోర్టును నమ్మకు.

నీ పొడికి ప్రత్యేకంగ రెండు తిరకాసులు. ఒకటి, మండూరం అంటే ఇనుము, ఎలుకల పెంటికలు నల్లగ వస్తయి. కింద ఊక నిండ నల్లటి గింజలే కనపడతయి. కడుపుల పుండు పడి రక్తం కారినా నల్లగనే వస్తది. "ఐరన్ కదా సార్, నల్లగ వస్తది" అని వదిలేస్తె అసలు సంగతి దాగిపోతది, అందుకని హిమోగ్లోబిన్ పడిపోతుందా చూడాలె, చివరికి కడుపు కోసి లోపలి పొర చూడాలె. రెండోది తేనె. మందు గ్రూపుకు తేనెలో ఇచ్చి కంట్రోల్‌కు ఉత్త నీళ్ళు పోసిన స్టడీలు చూసిన, మందు తిన్న ఎలుకలు బరువు పెరిగినయి, బలం వచ్చింది అని రాసుకున్నరు. అది తేనె మహిమ. కంట్రోల్‌కు గూడ అంతే తేనె పోయాలె.

మన నల్లగొండ జిల్లాల చేపిస్తె, ఎలుకలకు ఏ నీళ్ళు పోస్తరో అడుగు. మర్రిగూడ, చండూరు దిక్కు బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ సంగతి దేశమంత తెలుసు, తాగే నీళ్ళకు హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, పాత బోర్లల్ల దానికి ఎన్నో రెట్లు. అవే నీళ్ళు బాటిళ్ళల్ల పోస్తె కిడ్నీ, ఎముక ఫలితాలు మొత్తం గందరగోళమైతయి. ఎలుక ముందు పండ్లు మామూలుగ పసుపు నారింజ రంగుల ఉంటయి, ఎప్పుడూ పెరుగుతనే ఉంటయి, ఫ్లోరైడ్ ఎక్కువైతే వాటి మీద తెల్ల చారలు వస్తయి. నేను కేజ్ దగ్గరికి పోతే ముందు మూతి తెరిచి పండ్లు చూస్త. అయినా ఒక మాట, మీ గిరాకీలల్ల ఇట్లాంటి ఊర్లోళ్ళు ఉంటరు, ఫ్లోరైడ్ బయటికి పోయేది కిడ్నీకెల్లే, కాబట్టి కిడ్నీ మీద భారం పెట్టే పొడి వాళ్ళకు రెండింతల కీడు. ల్యాబ్ ఎలుకలకేమో ఆర్‌ఓ నీళ్ళు, ఈ తేడా గుర్తుపెట్టుకో.

ఎలుకలు చెప్పలేనివి గూడ ఉన్నయి. ఎలుకకు వాంతి రాదు, కాబట్టి మనిషికి వికారం పుట్టించేది అక్కడ కనపడదు. ఆర్సెనిక్ విషయంల ఎలుక రక్తం మనలాంటిది కాదు, ఎర్ర కణాలల్లనే పట్టి పెట్టుకుంటది, దాన్ని చూసి మనిషి గురించి చెప్పుడు కష్టం. ఇంక తిప్పతీగ. కరోనా టైంల ఇమ్యూనిటీ కోసమని తిన్నోళ్ళల్ల లివర్ దెబ్బతిన్న కేసులు 2021ల ముంబై డాక్టర్లు రాసిన్రు, ఆయుష్ శాఖ ఏమో అది అసలు తిప్పతీగ కాకుండ టినోస్పోరా క్రిస్పా అనే వేరే తీగ కావచ్చన్నది. ఎవరు కరెక్టు అన్నది పక్కన పెట్టు, కొందరికే, వాళ్ళ ఒంటి తత్వాన్ని బట్టి వచ్చే హాని ఎలుకల గుంపుల కనపడదు. ఆకు గుర్తింపు మాత్రం నీ చేతుల పని. నల్లమలల ఏరుకొచ్చేటోళ్ళు తెల్ల గలిజేరు, ఎర్ర గలిజేరు కలిపి తెస్తరు, రెండూ వేరే వేరే మొక్కలు. మొక్క నమూనా ఎండబెట్టి, యూనివర్సిటీ బాటనీ డిపార్ట్‌మెంటుల చూపించి రాయించుకో, పాలమూరు యూనివర్సిటీ నీకు దగ్గరనే.

గర్భిణుల సంగతి మళ్ళ చెప్త, ఎందుకంటే రక్తం పట్టే పొడి అనంగనే ముందు వచ్చేది వాళ్ళే. 28, 90 రోజుల స్టడీలల్ల వాడేవి గర్భం లేని పడుచు ఎలుకలు. కడుపుల పిల్లకు ఏమైతదో తెలవాలంటే ఓఈసీడీ 414 అని వేరే స్టడీ, గర్భం నిలిచినంక దాదాపు ప్రసవం ముందు రోజు దాకా మందిచ్చి, పిల్లల ఎముకలు, లోపలి అవయవాలు ఒక్కొక్కటి చూస్తరు. అది చేయనంత వరకు డబ్బా మీద "గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పిల్లలు వాడకూడదు" అని తెలుగుల, పెద్ద అక్షరాలల్ల ఉండాలె. ఎలుకలు వేరే గోలీలు వేసుకోవు గదా, అది గూడ చూడు. మీ గిరాకీలు బీపీ, షుగర్, థైరాయిడ్ గోలీల మీద ఉంటరు, ఇనుము థైరాక్సిన్‌ను పేగుల ఆపుతది, రెంటికీ నడుమ కొన్ని గంటల ఎడం పెట్టాలె.

లైసెన్స్ గురించి. "సప్లిమెంట్ అని రాస్తె ఆయుష్ లైసెన్స్ అక్కర్లేదు, ఫుడ్ లైసెన్స్ చాలు" అని ఆ ఏజెంటే చెప్పి ఉంటడు. కుదరదు. 2022 ఆయుర్వేద ఆహార నిబంధనలల్ల భస్మం, పిష్టి, లోహాల మందులు, షెడ్యూల్ ఈ-1 (మందుల చట్టంల విష ద్రవ్యాల లిస్టు) మూలికలు ఉండొద్దని సాఫుగ రాసి ఉంది. మండూర భస్మం ఉన్నంక నీది మందే, దాని మాన్యుఫాక్చరింగ్ లైసెన్స్ ఆయుష్ నుంచి రావాలె. ఇంగిలీకం ఈ-1 విష ద్రవ్యాల లిస్టుల ఉంది, అది వేసి నీ సొంత ఫార్ములాగ తెస్తె రూల్ 158-బీ కింద సేఫ్టీ స్టడీ తప్పదు, డబ్బా మీద వైద్యుని పర్యవేక్షణల వాడాలె అన్న హెచ్చరిక గూడ ఉండాలె.

ఇంట్ల కోళ్ళకో మేకపిల్లకో పెట్టి చూస్త అని రాసినవు, వద్దు. దాంతోటి ఏం తేలదు, ఆ జీవానికి బాధ తప్ప. ప్రయోగం అంటే సీసీఎస్‌ఈఏ (జంతువుల మీద ప్రయోగాలను చూసుకునే ప్రభుత్వ కమిటీ) రిజిస్ట్రేషన్ ఉన్న జాగలనే, ఎథిక్స్ కమిటీ ముందే ఒప్పుకున్నంకనే. అదే పాత సీపీసీఎస్‌ఈఏ, 1960 జంతు హింస చట్టం కింద పెట్టింది. కమిటీల బయటి మనిషి ఒకరుంటరు, ఇన్ని ఎలుకలు ఎందుకు, తక్కువతోటి కాదా, చివరికి నొప్పి లేకుండ ఎట్ల చంపుతరు అని అడుగుతరు, అడగాలె గూడ. ఇంగిలీకం ఉన్న పొడితోటి 80 ఎలుకలను 90 రోజులు పెంచి చంపి, తర్వాత ఫార్ములా మార్చుడు కంటే పాపం ఇంకోటి లేదు. అందుకే ముందు ఫార్ములా ఖాయం చేసుకో అంటున్న.

ఆ ఏజెంటును ఇవి అడుగు: ల్యాబ్ రిజిస్ట్రేషన్ నంబరు, ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు, తేదీ, ఏ బ్యాచ్ మీద చేస్తరు, ఒక్కో ఎలుక బరువు విడివిడిగ ఇస్తరా, స్లైడ్లు ఎవరు చూస్తరు. నీళ్ళు నమిలితే మాట్లాడుడు ఆపెయ్. ఎగుమతి ఆలోచన ఉంటె జీఎల్‌పీ (ల్యాబు పని పద్ధతిగ చేస్తున్నట్టు గుర్తింపు) సర్టిఫికెట్ ఉన్న ల్యాబే పట్టు, హైదరాబాద్‌ల ఉన్నయి. టెస్టుకు పంపిన బ్యాచుకెల్లే అర కిలో సీల్ వేసి నీ దగ్గర పెట్టుకో, రేపు ఎవరన్న ఏమన్న అయిందని వస్తె పోల్చి చూడనీకి అదే ఆధారం. ప్రతి కొత్త బ్యాచుకు లోహాల పరీక్ష మళ్ళ చేపియ్యాలె, 90 రోజుల స్టడీ ఒకసారి పాసైందని అది వదిలెయ్యొద్దు.

పుటం ఎన్నిసార్లు పెడ్తరు, దేంట్ల నూరుతరు, చిట్టెం ఏడికెల్లి తెస్తరు, ఇంగిలీకం కిలోకు ఎంత పడుతది, ఈ నాలుగు రాయి తమ్మీ. ఇంగిలీకం తీసినంక డోసుల లెక్క, గ్రూపుల ప్లాన్ నేను వేసి పెడ్త, దాన్ని పట్టుకొని ల్యాబుకు పో.